సీసపు కళ్ల ఫ్లై, నా కుడి చెవి

గాలం చెవి వెనక దిగినప్పుడు ముందు నొప్పి తెలియలేదు. ఎవరో గులకరాయితో టప్పున కొట్టినట్టు అనిపించింది, అంతే. చెయ్యి పెట్టి చూసుకుంటే వేళ్లకి మెత్తగా జింకతోక వెంట్రుకలు తగిలాయి. పొటోమాక్ నదిలో తొడల్లోతు నీళ్లలో, కుడి చెవికి పసుపూ తెలుపూ కుచ్చుల లోలాకు పెట్టుకుని నిలబడి ఉన్నాను. ఒడ్డున కాలవగట్టు మీద సైకిల్ తొక్కుకుంటూ పోతున్న ఒకామె నాకేసి చెయ్యి ఊపింది. నేనూ ఊపాను. ఇంకేం చేస్తాను?

గాలం మొన పక్కన ఉండే ఎదురుముల్లుని పొద్దున్నే ప్లయర్స్‌తో నొక్కి చదును చేసి ఉండటం నా అదృష్టం. వచ్చిన దారినే వెనక్కి లాగితే వచ్చేసింది. ముల్లు ఉండి ఉంటే ఆ మధ్యాహ్నం ఏదో ఆసుపత్రిలో గడిచేది. ఇంటికెళ్లాక మా ఆవిడ దూదితో తుడుస్తూ ఒకటే అడిగింది: "నువ్వు చేపని పట్టడానికి వెళ్లావా, చేప నిన్ను పట్టడానికి వచ్చిందా?"

ఇది జరిగి మూడేళ్లు. ఈ మూడేళ్లలో ఒక రాడ్ (గాలం కర్ర) విరగ్గొట్టాను, రెండు టోపీలు చింపుకున్నాను, చివరికి బరువున్న ఫ్లైని, అంటే గాలానికి కట్టే బొమ్మ ఎరని, విసరడం ఎలాగో కాస్త పట్టుబడింది. నాలాగే వాగుల్లో ట్రౌట్ చేపలతో మొదలుపెట్టి నదిలో బాస్ చేపల వైపు మళ్లినవాళ్లు ఎవరైనా ఉంటే, వాళ్ల చెవులైనా దక్కుతాయని రాస్తున్నాను.

మేం ఉండేది వర్జీనియాలో, లౌడన్ కౌంటీలో. ఇక్కడ తెలుగువాళ్లకి కొదవ లేదు. శనివారం వస్తే ఎవరో ఒకరింట్లో బిర్యానీ. ఆ బిర్యానీల నుంచి తప్పించుకోవడానికే నేను చేపల వేట మొదలుపెట్టానని మా ఆవిడ నమ్మకం. పూర్తిగా అబద్ధమేం కాదు. మా అమ్మకి ఫోన్లో ఫ్లై ఫిషింగ్ అని చెప్తే "ఈగతో చేపలు పడతావా?" అంది. ఈగ కాదమ్మా, గాలానికి ఈకలూ వెంట్రుకలూ దారంతో చుట్టి పురుగులాగానో చిన్న చేపలాగానో కనబడేట్టు చేసే బొమ్మ ఎర అని వివరించాను. "వానపాముకి ఏమొచ్చిందిరా?" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు.

మన ఊళ్లలో గాలం వేసేటప్పుడు ఎరకి కాస్త పైన సీసం ముక్క కడతాం. విసిరితే సీసం ముందు పోతుంది, సన్నటి తీగ దాని వెనక పరిగెడుతుంది. ఫ్లై ఫిషింగ్‌లో ఇది తిరగబడుతుంది. మామూలు ఫ్లైకి బరువుండదు, లైనే, అంటే ఆ తీగే, లావుగా బరువుగా ఉంటుంది. రాడ్ విసిరేది ఆ లైన్‌ని. ఫ్లై దాని వెనక తోకలా వెళ్తుంది. లైన్‌లో మొదటి ముప్ఫై అడుగుల తూకాన్ని బట్టి నంబర్లు పెట్టారు. ఐదో నంబర్ లైన్ అయితే ఆ ముప్ఫై అడుగులు 140 గ్రెయిన్లు తూగాలి, అంటే సుమారు 9 గ్రాములు. ఏడో నంబర్ అయితే 185 గ్రెయిన్లు, 12 గ్రాములు. ఈ అంకెల్ని నేను చాలా ఆలస్యంగా పట్టించుకున్నాను.

నేను నేర్చుకున్నది ఐదో నంబర్‌తో, షెనండోవా కొండల్లోని చిన్న వాగుల్లో, బ్రూక్ ట్రౌట్ కోసం. అక్కడ వేసేది నీటి మీద తేలే ఫ్లై. అరచేతిలో పెట్టుకుంటే ఉన్నట్టే తెలియదు. లైన్‌ని వెనక్కి విసరాలి, రాడ్‌ని టక్కున ఆపాలి, వెనక లైన్ సాగేదాకా ఆగాలి, ముందుకి విసిరి మళ్లీ టక్కున ఆపాలి. ఆపినప్పుడు లైన్ రాడ్ కొన మీదుగా మడత తిరిగి విప్పుకుంటూ పోతుంది. ఆ మడతని లూప్ అంటారు. అది ఎంత సన్నగా ఉంటే అంత నేర్పరితనం. ఏడాది పాటు ఆ సన్న లూప్ కోసం చెమటోడ్చాను. వచ్చింది కూడా. నా కొంప ముంచింది అదే.

స్మాల్‌మౌత్ బాస్ కంచు రంగులో ఉంటుంది, ఒంటి మీద నిలువు చారలు, ఎర్రటి కన్ను. చేతికి తగిలితే దాని సైజుకి మించి గుంజుతుంది. పొటోమాక్‌లో పుట్టిన చేప కాదిది, రైలెక్కి వచ్చింది. 1854లో విలియం శ్రైవర్ అనే ఆయన ఒహాయో నది వైపు పట్టిన కొన్ని చేపల్ని చిల్లుల బకెట్లో వేసి, దాన్ని రైలింజన్ నీళ్ల ట్యాంకులో వేలాడదీసి, కొండలు దాటించి కంబర్లాండ్ దగ్గర కాలవలో వదిలాడు. అక్కణ్ణించి నదంతా పాకాయి. ఇప్పటికీ నది ఒడ్డునున్న బ్రన్స్‌విక్ దగ్గర నేను నీళ్లలో నిలబడితే నా వెనక అదే దారిన గూడ్సుబళ్లు పోతుంటాయి.

వేసవిలో పొద్దెక్కాక ఈ చేపలు అడుగున రాతి అరుగుల పక్కకి చేరతాయి. అక్కడ వాటికి ఇష్టమైన తిండి క్రేఫిష్. చూడ్డానికి రొయ్యకీ పీతకీ మధ్యలో ఉంటుంది, రాళ్ల కింద దాక్కుంటుంది. మరి నీటి మీద తేలే ఫ్లై వేస్తే ఆ చేప ఎందుకు పైకొస్తుంది? ఫ్లైనే కిందికి దిగాలి. దీనికి దారి చూపించినవాడు పెన్సిల్వేనియాలో సస్క్వెహానా నది మీద గైడ్‌గా పనిచేసిన బాబ్ క్లౌజర్. 1980ల్లో ఆయన గాలం కాడ మీద, ముందు వైపు, డంబెల్ ఆకారంలో ఉండే సీసపు కళ్లు కట్టి, జింకతోక వెంట్రుకలు జోడించాడు. ఆ బరువు వల్ల ఫ్లై నీళ్లలో తల్లకిందులై గాలం మొన పైకి తిరుగుతుంది, రాళ్లలో తక్కువ చిక్కుకుంటుంది. లాగితే పైకి లేస్తుంది, ఆపితే ముక్కు కిందికి పెట్టి దిగుతుంది. చేప దాన్ని పట్టేది ఎక్కువగా ఆ దిగేటప్పుడే. దీన్ని క్లౌజర్ మిన్నో అంటారు.

నీళ్లలో ఇంత ముచ్చటగా ఉండే ఈ ఫ్లై గాల్లో ఉన్నంతసేపూ సీసపు గుండే.

నా ఐదో నంబర్ లైన్ 9 గ్రాములు, అదీ ముప్ఫై అడుగుల పొడుగునా పంచుకున్న బరువు. నేను దాని కొసకి కట్టిన ఫ్లై కళ్లే ఒక గ్రాము, ఒకే చోట. పైగా నేను కట్టుకున్నది జింకతోకకి బదులు కుందేలు తోలు పీలికతో. నీళ్లలో అది పాములా మెలికలు తిరుగుతుందని మురిసిపోయాను. బయటికి తీస్తే తడిసిన తుండుగుడ్డ. దీన్ని పట్టుకుని నా సన్న లూప్ విద్య ప్రదర్శించబోయాను.

జరిగేది ఇదీ. వెనక్కి విసిరి రాడ్‌ని టక్కున ఆపగానే లైన్ విప్పుకుంటూ పోతుంది. తేలిక ఫ్లై అయితే చివర్లో నెమ్మదించి లైన్‌తో పాటు గాల్లో నిలుస్తుంది. సీసపు ఫ్లై నిలవదు. ఇంకా పోదామని లైన్‌ని గుంజుతుంది, గుంజి వెనక్కి ఎగురుతుంది, దాంతో లైన్ వదులవుతుంది, ఫ్లై కిందికి పడటం మొదలుపెడుతుంది. సరిగ్గా అప్పుడే నేను ముందుకి విసురుతాను. నా విసురులో సగం ఆ వదులుని బిగించడానికే సరిపోతుంది. ఆ తర్వాత ఫ్లై ఆలస్యంగా, కింద నుంచి, తల ఎత్తులో బయల్దేరుతుంది. లూప్ సన్నగా ఉంది కాబట్టి దాని దారి రాడ్‌నీ నా తలనీ రాసుకుంటూ వెళ్తుంది. ఆ రోజు గాలి కూడా కుడి పక్క నుంచి వీస్తోంది. నేను కుడిచేతివాటం. మిగతాది చెవి సంగతి.

చెవి తర్వాత రాడ్. ఒకసారి సీసపు కన్ను రాడ్‌కి ఠంగున తగిలింది. తడిమి చూశాను, గీత కూడా కనబడలేదు. తర్వాతి వారం మామూలుగా లైన్ ఎత్తుతుంటే కొన ముక్క నడిమికి పటుక్కుమంది. ఆ గ్రాఫైట్ గొట్టం లోపల డొల్ల, గోడలు పల్చన. దెబ్బ తగిలిన చోట పోగులు లోపలే చిట్లుతాయి, విరగడం మరోనాడు. చేప కూడా లేని టైములో రాడ్ విరిగితే ఆ బాధ ఎవరికి చెప్పుకుంటాం?

మా వీధి చివర ఒక పెద్దాయన ఉంటాడు. డెబ్బై దాటాయి, రిటైరై చాలాకాలమైంది. గ్యారేజీలో బల్ల వేసుకుని ఫ్లైలు కడుతుంటాడు. విరిగిన ముక్క పట్టుకెళ్లి చూపిస్తే నవ్వలేదు, అదొక్కటీ నాకు నచ్చింది. లెఫ్టీ క్రే విసురుతుంటే దగ్గర నుంచి చూశానని చెప్పుకుంటాడు. లెఫ్టీ క్రే ఈ నది పక్కవాడే. 1925లో మేరీలాండ్‌లోని ఫ్రెడరిక్‌లో పుట్టాడు, 2018లో పోయాడు. 1947లో జో బ్రూక్స్ అనే ఆయన దగ్గర ఫ్లై ఫిషింగ్ నేర్చుకుని తర్వాత ప్రపంచానికి నేర్పాడు. క్లౌజర్ మిన్నోకి ఆ పేరు పెట్టింది కూడా ఆయనే. గడియారంలో పదికీ రెండుకీ మధ్య రాడ్ ఆడించమనే పాత పద్ధతిని పక్కనపెట్టి, చెయ్యి పక్కకి చాచి పొడుగ్గా విసరమన్నాడు. లైన్ కొస కదలనిదే విసురు మొదలైనట్టు కాదన్నది ఆయన పాఠాల్లో ఒకటి.

పెద్దాయన నన్ను స్కూలు వెనక సాకర్ గ్రౌండ్‌కి తీసుకెళ్లాడు. గాలం వంపు దగ్గర కత్తిరించేసిన ఫ్లై కట్టాడు. కళ్లు ఉన్నాయి, కొక్కెం లేదు. నా విసురు ఒకసారి చూసి, నీకు బాగా వచ్చిన పనే మానేయాలి అన్నాడు. అంటే ఆపడం.

ఆయన చూపించినదాన్ని బెల్జియన్ కాస్ట్ అంటారు, ఓవల్ కాస్ట్ అని కూడా. వెనక్కి వెళ్లేటప్పుడు రాడ్ పక్కగా, నేలకి దగ్గరగా పడుకుని వెళ్తుంది. వెనక ఆగదు. అలాగే గుండ్రంగా పైకి తిరిగి, ముందుకి వచ్చేటప్పుడు తల పైనుంచి నిలువుగా వస్తుంది. వెళ్లే దారి వేరు, వచ్చే దారి వేరు. పైనుంచి చూస్తే కోడిగుడ్డు గీసినట్టుంటుంది. ఫ్లై వెనక ఎక్కడా ఆగకుండా పెద్ద మలుపు తిరుగుతుంది, లైన్ ఒక్క క్షణం కూడా వదులు కాదు. వదులు లేదు కాబట్టి గుంజడం లేదు, పడటం లేదు.

వినడానికి ఇంతే. చెయ్యి మాత్రం వినదు. ఏడాది పాటు టక్కున ఆపమని నేర్పిన చెయ్యి, వెనక్కి వెళ్లగానే దానంతటదే ఆగిపోతుంది. రెండు ఆదివారాలు గడ్డి మీద ఫ్లై టప్ టప్ మని పడుతూనే ఉంది. అక్కడ బంతాట ఆడుకునే పిల్లలు నన్ను చూసి పక్క గ్రౌండ్‌కి మారారు.

మూడో ఆదివారం నాకు వడిసెల గుర్తొచ్చింది. చిన్నప్పుడు జొన్నచేలో మంచె మీద కూర్చుని పిట్టల్ని తోలడానికి మా తాత వడిసెల తిప్పేవాడు. నేను తిప్పితే రాయి జారి నా కాలి మీదే పడేది, ఒకసారి పక్కవాళ్ల గేదెకి తగిలి పెద్ద పంచాయితీ అయింది. తిప్పడం మొదలుపెట్టాక మధ్యలో చెయ్యి తడబడితే రాయి జారిపోతుంది. తాడు బిగువు తగ్గకూడదు, వేగం కొంచెం కొంచెంగా పెరగాలి, అంతే. సీసపు ఫ్లైకీ కావలసింది అదే బిగువు. పోలిక చివరిదాకా నిలవదు. వడిసెలలో రాయిని వదిలేస్తాం, ఇక్కడ వదిలేది లేదు, ముందు వైపు మాత్రం రాడ్ ఆగాల్సిందే. కానీ 'వెనక్కి విసరడం' అనే మాట బుర్రలోంచి తీసేసి 'తిప్పడం' అనుకున్న రోజు నుంచి చెయ్యి మాట వినడం మొదలుపెట్టింది.

నది మీదికి వెళ్తే మళ్లీ కొత్త సమస్య. గడ్డి మీద ఫ్లై పైనే ఉంటుంది. నీళ్లలో మూడు అడుగులు దిగి ఉంటుంది. అక్కణ్ణించి ఒక్కసారిగా లేపబోతే రాడ్ బలమంతా నీళ్లలోంచి దాన్ని పీకడానికే పోతుంది, తర్వాత అది తూటాలా మొహం మీదికి వస్తుంది. అందుకని ముందు లైన్‌ని చేత్తో లాక్కోవాలి, ముప్ఫై అడుగులు మిగిలేదాకా. తర్వాత రాడ్‌ని నెమ్మదిగా పైకెత్తి లైన్‌ని ముందుకి దొర్లించాలి. దాన్ని రోల్ కాస్ట్ అంటారు. దాంతో ఫ్లై అడుగు నుంచి పైకి తేలి నీటి మీద పడుతుంది. అది మళ్లీ మునగకముందే పక్కగా వెనక్కి తిప్పడం మొదలుపెట్టాలి. లైన్‌ని నీరు పట్టుకుని ఉంటుంది కాబట్టి రాడ్ తనంతట తనే వంగుతుంది, మనం బలం పెట్టక్కర్లేదు. గుండ్రంగా తిప్పి, తల పైనుంచి కొంచెం ఆకాశం వైపుగా విసిరి, చేతిలో ఉన్న మిగతా లైన్‌ని వదిలేస్తే అదే జారుకుంటూ పోతుంది. ఒక్కటే తిప్పు. ట్రౌట్ వాగులో లాగా నాలుగుసార్లు ముందుకీ వెనక్కీ ఆడించడం ఇక్కడ పనికిరాదు. గాల్లో ఎంతసేపు ఉంటే అంత ముప్పు.

సామాను కూడా మార్చాను. ఏడో నంబర్ రాడ్, ముందు భాగంలో బరువెక్కువ ఉండే బాస్ లైన్. లైన్ చివర, ఫ్లైకి ముందు కట్టే తీగని లీడర్ అంటారు, దాన్ని తొమ్మిది అడుగుల నుంచి ఏడున్నరకి తగ్గించాను, మొదలు లావుగా గట్టిగా ఉండేది. పల్చటి పొడుగు లీడర్‌కి ఆ సీసాన్ని నడిపించే సత్తా ఉండదు, సీసమే లీడర్‌ని నడిపిస్తుంది. మరో మాట, టోపీ, కళ్లద్దాలు లేకుండా ఈ ఫ్లై ముట్టుకోకండి. చెవి కాబట్టి నవ్వుతూ రాస్తున్నాను.

గాలి కుడి పక్క నుంచి వస్తే ఏం చేయాలన్నది ఇంకో పాఠం. నేను ఇప్పుడు మొండికేయను. వెనక్కి తిరిగి నిలబడతాను, చేప ఉన్న చోటు నా వీపు వెనక ఉంటుంది, ఒడ్డు వైపు విసురుతూ చివరిది వెనక విసురుగా నీళ్లలోకి వదులుతాను. చూసేవాళ్లకి పిచ్చిగా ఉంటుంది గానీ ఫ్లై నాకు అవతలి పక్క నుంచే పోతుంది.

పని మొదటిసారి కుదిరింది మేరీలాండ్ ఒడ్డున లాండర్ దగ్గర, ఆగస్టు మొదటి వారంలో. పాయింట్ ఆఫ్ రాక్స్ అనే ఊరి దగ్గర కొలిచే నీటిమట్టం వారమంతా చూసుకుంటూ, నది తగ్గాక దిగాను. బూట్ల కింద రబ్బరు అడుగు, నాచు రాళ్ల మీద జారుతోంది. జారని ఫెల్ట్ అడుగులు మేరీలాండ్ 2011లోనే నిషేధించింది, ఒక వాగులోని నాచు ఇంకో వాగుకి అంటుకుంటుందని. నదికి అడ్డంగా రాతి అరుగు ఒకటి ఉంది, దాని కింద పచ్చని లోతు. దొర్లించాను, తిప్పాను, వదిలాను. లైన్ సొంపుగా ఏం పోలేదు, పెద్ద వెడల్పు లూప్, ట్రౌట్ రోజుల్లో అయితే సిగ్గుపడేవాణ్ని. ఫ్లై అరుగుకి రెండడుగుల అవతల బుడుంగుమంది. మూడు లెక్కపెట్టాను. ఒకసారి లాగి వదిలాను. లైన్ అక్కడే ఆగిపోయింది, రాయి అనుకున్నాను. రాయి పక్కకి నడిచింది.

ఇక్కడ కూడా ట్రౌట్ అలవాటు ఒకటి మానుకోవాలి. రాడ్ పైకెత్తకూడదు, ఎడంచేత్తో లైన్‌నే బిగించి లాగాలి. నేను లాగాను. అది రెండుసార్లు నీళ్ల పైకి లేచింది. పద్నాలుగు అంగుళాలు ఉంది, కింద పెదవి పట్టుకుంటే ఎర్రకన్నుతో నన్నే చూసింది. వదిలేశాను.

ఇంత తంటాలు పడి నేర్చుకున్నాక తేలిందేమిటంటే, సగం రోజులు నాకు ఆ బరువే అక్కర్లేదు. ఆగస్టులో నేను దిగేది రెండు మూడు అడుగుల నీళ్లలో. అక్కడ పెద్ద సీసపు కళ్లు వేస్తే ఫ్లై నేరుగా రాళ్ల సందులో కూర్చుంటుంది. ఇప్పుడు నా డబ్బాలో ఎక్కువ భాగం పూసల గొలుసు ముక్కతో చేసిన కళ్లవి. ఇంకా తేలిక, నెమ్మదిగా దిగుతాయి, విసరడం హాయి. కుందేలు తోలు పూర్తిగా మానేశాను, జింకతోక నీళ్లు పీల్చుకోదు, ఒక్క విదిలింపుకి ఆరిపోతుంది. సీసం లోతుకే, వడి ఎక్కువ ఉన్న చోటికే. పెద్దాయనతో ఈ మాట అంటే, అది నేను మొదటి రోజే చెప్పాను, నువ్వు వినలేదు అన్నాడు. చెప్పే ఉంటాడు.

మా ఫ్రెండ్ ఒకడు గుంటూరు వాడు, స్పిన్నింగ్ రాడ్ వాడతాడు. "ఎందుకు బావా ఈ తిప్పలు? ఇదే సీసాన్ని నా రాడ్‌కి కడితే బటన్ నొక్కినట్టు పోతుంది" అంటాడు. నిజమే. బరువుని విసరడానికే పుట్టిన రాడ్ అది. నేను ఫ్లై మార్చుకునే లోపల వాడు నాలుగు చేపలు పట్టిన రోజులున్నాయి. వాడితో వాదించను. పోయిన నెల వాడే ఒకసారి నా రాడ్ అడిగాడు. టోపీ పెట్టి, అద్దాలు పెట్టించి, పూసల కళ్ల ఫ్లై కట్టిచ్చి, వాడికి ఎడం పక్కన ఇరవై అడుగుల దూరంలో నిలబడ్డాను. మొదటి మూడు వాడి వెనకే నీళ్లలో పడ్డాయి. నాలుగోది ఎలాగో ముందుకి పోయింది, అరచేతిలో సగం ఉన్న సన్‌ఫిష్ ఒకటి పట్టింది. వాడు దాన్ని పట్టుకుని ఫొటో తీయించుకుని, నీళ్లలో వదిలి, గట్టు ఎక్కకముందే వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. మేం కారెక్కేసరికి గ్రూపులో పదకొండు మెసేజిలు, అన్నీ పులుసు ఎప్పుడని.